మనోళ్ళ కాగితాలు మన కంప్యూటర్లలో ఉన్నాయి: నెట్ సెంటర్లు నడిపే మన యువతకు ఒక మాట



పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో నెట్ సెంటర్, జిరాక్స్ షాపు, బ్యాంకు పాయింట్ నడిపే అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారు. సెలవుల్లో అక్కడ కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంకా ఎక్కువమంది. ఇది వాళ్ళ కోసం. వేరేవాళ్ళని వేలెత్తి చూపడానికి రాయడం లేదు. ముందు మా తప్పే చెప్తున్నాం.

మేం ముగ్గురం పాడేరు ఏజెన్సీ వాళ్ళం. ఇద్దరం డిగ్రీ చదువుతూ సెలవుల్లో సంత దగ్గర ఒక నెట్ సెంటర్లో పని చేశాం. ఒకరం బ్యాంకు పాయింట్లో వేలిముద్ర మెషిన్ పట్టుకుని కూర్చున్నాం. సంత రోజు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కొండ మీద ఊళ్ళ నుంచి తెల్లారకముందే జనం దిగుతారు. ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన ఆధార్, బ్యాంకు పుస్తకం, కుల ధ్రువీకరణ పత్రం, అటవీ హక్కుల పట్టా అన్నీ తెచ్చి మన టేబుల్ మీద పెడతారు. "చూడు బాబూ, ఏటి కావాలో తీసుకో" అంటారు. ఏం తీసుకున్నాం, ఎందుకు తీసుకున్నాం అని అడగరు. మనోళ్ళమని నమ్మకం.

పోయిన ఏడాది అడ్మిషన్ల సీజన్లో ఒకాయన పెన్ డ్రైవ్ తెచ్చి నాలుగు పేజీలు ప్రింట్ తీయించుకుని వెళ్ళాడు. మర్నాడు ఉదయం కంప్యూటర్ ఆన్ చేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఫైళ్ళ పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు. తెర మీద ఇంగ్లీషులో బెదిరింపు, డబ్బు కడితేనే ఫైళ్ళు తెరుస్తామని. ఆ పెన్ డ్రైవ్ వల్లే వచ్చిందో, అంతకుముందు ఎవరో దించిన దొంగ సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చిందో మాకు తెలీదు. షాపు నడిపే అన్నయ్య మధ్యాహ్నానికల్లా కంప్యూటర్ ఫార్మాట్ చేయించేశాడు. "ఏటి పోయింది, జిరాక్సులే కదా" అన్నాడు. మేమూ నవ్వేసి ఊరుకున్నాం.

రాత్రి ఇంటికెళ్ళి లెక్క వేసుకుంటే నవ్వు పోయింది. ఆ డెస్క్‌టాప్ మీద మూడు సీజన్ల స్కాలర్‌షిప్ కాగితాలు ఉన్నాయి. పిల్లల ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, సంతకం, ఫొటో. ఎవరూ ఉంచమని చెప్పలేదు. తీసేయడానికి బద్ధకించాం, అంతే. మళ్ళీ వస్తారు కదా, పనికొస్తాయి అనుకున్నాం. అందరి లాగిన్ పాస్‌వర్డ్‌లు ఒకే పద్ధతిలో మేమే పెట్టి, ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాం. ఆ షీటూ అందులోనే ఉంది.

ఇంత జరిగితే ఆ పిల్లల్లో ఒక్కరికైనా చెప్పామా? చెప్పలేదు. షాపు పేరు పోతుందని భయం.

కొన్ని నెలల తర్వాత మా పక్క ఊరి చెల్లి ఒకామె సంచార్ సాథి వెబ్‌సైట్‌లో తన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకుంది. తనకు తెలియని నంబరు ఒకటి కనిపించింది. ఆమె కాగితాలు మా షాపులో స్కాన్ చేసినవే. అవి మా దగ్గర నుంచే పోయాయని మేం చెప్పలేం. మా దగ్గర నుంచి పోలేదనీ చెప్పలేం. ఆమె వచ్చి "అన్నా, మీ దగ్గరేనా?" అని అడిగితే మా దగ్గర సమాధానం లేదు. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

వేలిముద్ర అనే మాట మనకి కొత్త కాదు. మన తాతలు సాహుకారు చూపించిన తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఆ బాధ వల్లే 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు మీద చట్టం వచ్చింది, 1970లో 1/70 వచ్చింది. అప్పుడు కాగితం సాహుకారు చేతిలో ఉండేది, ఆయన బయటివాడు. ఇప్పుడు మెషిన్ మన చేతిలోనే ఉంది. కాగితాలు మన కంప్యూటర్లోనే ఉన్నాయి. మనం మోసం చేయకపోవచ్చు. కానీ తాళం వేయని ఇంట్లో పక్కోడి ధాన్యం దాచితే, దొంగ పడ్డాక మనం మంచోళ్ళమన్న మాట ఎవరి కడుపు నింపుతుంది?

కాగితం పోతే ఏమవుతుంది అనేవాళ్ళకి ఒక సంగతి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక చిన్న వ్యాపారి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో పెట్టిన భూమి దస్తావేజుల్లో జనం వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనిపించేవి. వాటిని దించుకుని, రబ్బరు మీద నకిలీ వేలిముద్రలు చేయించి, వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. అమ్మకాల టార్గెట్ కోసం చేశాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. పెద్ద హ్యాకరేమీ కాదు. మనలాగే చిన్న షాపు. అతనికి దొరికింది స్కాన్ చేసిన కాగితాలు మాత్రమే. మన డెస్క్‌టాప్ మీద ఉన్నవీ అలాంటివే కదా.

ఇంకోటి. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, నెట్ సెంటర్ కంప్యూటర్లలో ఆధార్ దించుకోకండి, దించుకుంటే ఆ కాపీలన్నీ పూర్తిగా తీసేయండి అని. దేశమంతా గగ్గోలు పుట్టింది. రెండు రోజుల్లో ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. ప్రకటన వెనక్కి పోయింది గానీ అందులోని సలహా తప్పు కాదు. పైగా కొండ మీది మనిషికి నెట్ సెంటర్ వద్దంటే ఇంకెక్కడికి పోతాడు? ఇంట్లో కంప్యూటరుందా, ప్రింటరుందా? మన జనానికి మన షాపే దిక్కు. అందుకే మన షాపు బాగుండాలి.

ఇక చట్టం సంగతి. చాలామంది అన్నలు "అవన్నీ పెద్ద కంపెనీలకి, మనకెందుకు" అంటున్నారు. అది నిజం కాదు.

నెట్ సెంటర్లకి 2011 నుంచే కేంద్రం రూల్స్ ఉన్నాయి. షాపు రిజిస్టర్ చేయించాలి, వచ్చినవాళ్ళ గుర్తింపు చూడాలి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టరు రాసి కనీసం ఏడాది ఉంచాలి. మనలో ఎంతమంది రాస్తున్నాం?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల బెంచి గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. ఉట్టి కాగితం మీద ఉన్నదానికి ఈ చట్టం వర్తించదు. దాన్ని స్కాన్ చేశామా, వాట్సాప్‌లో తీసుకున్నామా, అప్పుడు వర్తిస్తుంది. చిన్న షాపు, పెద్ద కంపెనీ అని చట్టం గీత గీయలేదు. కొన్ని రకాల సంస్థలకి మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది గానీ, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం.

చట్టం అడిగేది మన మాటల్లో చెప్తాం. ఏ పని కోసం తీసుకుంటున్నావో ముందు చెప్పు. ఒప్పుకుంటేనే తీసుకో. ఆ పనికే వాడు. పని అయ్యాక, వేరే చట్టం ఏదీ ఉంచమనకపోతే, తీసేయ్. ఉన్నన్ని రోజులు భద్రంగా ఉంచు. పోతే దాచొద్దు: ఎవరివి పోయాయో వాళ్ళకి వెంటనే చెప్పు, డేటా రక్షణ బోర్డుకీ చెప్పు, వివరాలు 72 గంటల్లో ఇవ్వు. 18 ఏళ్ళు నిండని పిల్లలవైతే తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకో. ఇంటర్లో చేరే మన పిల్లలంతా పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళే. వాళ్ళు ఒక్కళ్ళే వచ్చి కాగితాలు ఇచ్చేసి పోతుంటే మనం తీసేసుకుంటున్నాం.

భద్రత సరిగ్గా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ అని ఉంది. అది చూసి గుండె ఆగక్కర్లేదు. అది పై హద్దు. తప్పు ఎంత పెద్దది, ఎంతమందికి నష్టం, సరిదిద్దుకోవడానికి ఏం చేశారు అన్నీ చూసి, తప్పుకి తగినట్టు వేయాలని చట్టంలోనే ఉంది. భయం కోసం ఈ లెక్క చెప్పడం లేదు. మొదట మేం చేసిన పని, అంటే నవ్వేసి ఊరుకోవడం, రేపటి నుంచి తప్పే కాదు, చట్టం ముందు నేరుగా బాధ్యత తప్పడం కూడా.

ఈ చట్టం మీద మాకూ కోపం ఉంది, అదీ చెప్పాలి. ఒప్పుదల అడిగే నోటీసు ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలంది. ఆ షెడ్యూలులో సంతాలీ ఉంది, బోడో ఉంది. సంతోషం. గోండి లేదు, కోయ లేదు, కువి లేదు, సవర లేదు. 2011 లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్ళే 29 లక్షల పైమాట. మరి వాళ్ళకి "నీ సమ్మతి" అని ఏ భాషలో అడుగుతారు? గ్రామసభ సమ్మతి అంటే ఏమిటో మనకి పీసా చట్టం దగ్గర నుంచీ తెలుసు. అర్థం కాని కాగితం మీద వేసిన ముద్ర సమ్మతి కాదని మనమే కదా కొట్లాడాం. ఇంకోటి, జరిమానా కడితే ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకి పోతుంది. నష్టపోయిన మామ్మకి రూపాయి రాదు. పాత ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే దారి ఉండేది. కొత్తది పూర్తిగా అమల్లోకి వచ్చాక ఆ సెక్షనే పోతుంది. దీని మీద మన సంఘాలు మాట్లాడాలి.

కానీ చట్టంలో లోపం ఉందని మన షాపు తలుపు తెరిచి పెట్టుకోలేం కదా. చట్టం మన భాషలో అడగకపోతే మనం అడుగుదాం. కువిలో అడగగలిగేది, కోయలో అడగగలిగేది మనమే. ఇందులో మనకి ఉన్న బలం ఏ పెద్ద కంపెనీకీ లేదు.

"డబ్బులు ఎక్కడివి?" అని అడుగుతారు. మేం ఆ షాపులో మార్చినవాటిలో ఎక్కువ వాటికి పైసా ఖర్చు కాలేదు. ఇవీ:

1. ప్రింటు, అప్లికేషన్ కోసం వచ్చిన కాపీ ఆ రోజే తీసేస్తున్నాం. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తున్నాం. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు మూడు చోట్ల ఉంటాయి: చాట్‌లో, గ్యాలరీలో, కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో. మూడూ చూసుకోవాలి. షాపు ఫోన్లో ఆటో డౌన్‌లోడ్, గ్యాలరీ బ్యాకప్ ఆపేశాం. చట్టం ఉంచమన్నవి వేరు. నెట్ సెంటర్ రిజిస్టరు ఏడాది ఉంచాలి, కొత్త రూల్స్ కూడా కొన్ని రికార్డులు, లాగ్‌లు కనీసం ఏడాది ఉంచమంటున్నాయి. ఏవి ఉంచాలో తెలుసుకుని, వాటిని పాస్‌వర్డ్ ఉన్న ఫోల్డర్లోనో, తాళం వేసిన బీరువాలోనో పెట్టాలి. డెస్క్‌టాప్ మీద పరచడం రికార్డు ఉంచడం కాదు.

2. అప్లికేషన్లో ఫోన్ నంబరు విద్యార్థిదో, ఇంట్లోవాళ్ళదో పెడుతున్నాం, షాపుది కాదు. పాస్‌వర్డ్ వాళ్ళ చేతే పెట్టించి, వాళ్ళ నోట్‌బుక్‌లో రాయిస్తున్నాం. మర్చిపోతే మళ్ళీ మార్చుకోవచ్చు. మాకు పని పెరిగింది, నిజమే. ఆ ఎక్సెల్ షీట్ మాత్రం ఇక లేదు.

3. కస్టమర్లు కూర్చునే కంప్యూటర్, మనం పని చేసే కంప్యూటర్ వేరు చేశాం. రెండో కంప్యూటర్ లేనివాళ్ళు కనీసం విండోస్‌లో వేరే యూజర్ పెట్టండి. పెన్ డ్రైవ్ పెట్టగానే ముందు స్కాన్. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఉచితమే, దాన్ని ఆపేయకండి. క్రాక్ సాఫ్ట్‌వేర్ వద్దు. విండోస్ 7కి 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబర్లో మద్దతు ముగిసింది. పాత సిస్టమ్ మార్చలేకపోతే దాన్ని ప్రింటింగుకే వాడి, బ్యాంకు పనులు దానిలో చేయకండి.

4. వైఫై రూటర్ కొన్న రోజు నుంచీ అడ్మిన్, అడ్మిన్ అనే పాస్‌వర్డ్‌తోనే ఉంది. మార్చాం. సంతకి వచ్చిన కుర్రాళ్ళు వైఫై అడిగితే గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తున్నాం, షాపు పాస్‌వర్డ్ ఇవ్వడం లేదు.

5. "మేం హెడ్ ఆఫీసు నుంచి, ఎనీడెస్క్ వేయండి" అని ఫోన్ వస్తే పెట్టేస్తున్నాం. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు ఏ పథకం పేరుతో వచ్చినా తెరవడం లేదు.

6. షాపు లెక్కలు, అవసరమైన ఫైళ్ళు వారానికోసారి ఒక హార్డ్ డిస్క్‌లోకి తీసి, దాన్ని విప్పేసి ఇంట్లో పెడుతున్నాం. కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే వైరస్ దాన్నీ తినేస్తుంది.

7. బ్యాంకు పాయింట్ దగ్గర: ఒక వేలిముద్రకి ఒక పని. "పడలేదు, ఇంకోసారి పెట్టు" అంటే ముందు లావాదేవీ ఏమైందో స్లిప్పు తీసి చూపించి, చదివి వినిపించాలి. డబ్బు కట్ అయిందా లేదా అనేది తేలాకే రెండోసారి. రోజూ వేలిముద్రతో డబ్బు తీసుకోనివాళ్ళకి ఆధార్ బయోమెట్రిక్ లాక్ ఎలా వేయాలో, కావాల్సినప్పుడు ఎలా తీయాలో నేర్పిస్తున్నాం.

8. డబ్బు పోయిందని ఎవరైనా వస్తే గంటలు లెక్క. వెంటనే 1930కి ఫోన్, తర్వాత బ్యాంకుకి. "రేపు చూద్దాం" అనకూడదు. సిగ్నల్ లేని ఊళ్ళ నుంచి దిగి వచ్చేసరికే సగం పొద్దు పోయుంటుంది.

ఇది నెట్ సెంటర్లకే కాదు. అరకు వైపు హోమ్‌స్టేలు నడిపే మనవాళ్ళు టూరిస్టుల ఆధార్ ఫొటోలు సొంత ఫోన్లో ఉంచుకుంటున్నారు. కాఫీ, తేనె, పసుపు ఆన్‌లైన్‌లో అమ్మే సంఘాల దగ్గర కొన్నవాళ్ళ పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉంటాయి. అదే ఫోన్ ఇంట్లో పిల్లాడు గేమ్స్ ఆడుకోవడానికి తీసుకుంటాడు. వ్యాపారం ఫోన్ వేరుగా ఉంటే మంచిది. లేకపోతే కనీసం లాక్ పెట్టండి.

వీటన్నిటిలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే మొదటిది గుర్తుపెట్టుకోండి. లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. ఆ రోజు మా కంప్యూటర్లో ఆ కాగితాలు లేకపోయుంటే, వైరస్ వచ్చినా పోయేది ఒక రోజు గిరాకీ మాత్రమే.

అన్నీ మనమే చేసుకోవాలని కూడా మేం అనడం లేదు. ఐటీడీఏలు కంప్యూటర్ శిక్షణ ఇస్తున్నప్పుడు టైపింగు, ఎక్సెల్‌తో పాటు ఇది కూడా రెండు రోజులు నేర్పాలి. బ్యాంకులు మన కుర్రాళ్ళ చేతికి మెషిన్ ఇచ్చి, కమిషన్ లెక్క చెప్పి వదిలేయకుండా, తప్పు జరిగితే ఎవరికి చెప్పాలో స్థానిక భాషలో కాగితం రాసి ఇవ్వాలి. ఆ కంప్యూటర్లలో ఉన్నది ప్రభుత్వ పథకాల కోసం ప్రభుత్వమే అడిగిన కాగితాలు. ఒకే ఆధార్ జిరాక్సుని ఏడు ఆఫీసులు ఏడుసార్లు అడగడం మానితే సగం సమస్య అక్కడే తగ్గుతుంది. ఈ మూడూ రాసి వినతిపత్రం తయారు చేస్తున్నాం. మీ మండలాల నుంచి సంతకాలు కావాలి.

కొంతమంది అన్నలు మమ్మల్ని తిట్టారు కూడా. "మనోళ్ళ షాపుల గురించి మనమే ఇలా రాస్తే, బయటివాళ్ళ షాపులకి పోతారు గదా" అని. ఆలోచించాల్సిన మాటే. ఏజెన్సీలో మనవాడు ఒక షాపు పెట్టుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. కానీ జనం మన షాపుకి వచ్చేది ఏసీ ఉందని కాదు, రేటు తక్కువని కాదు. మనోడు మోసం చేయడని వస్తున్నారు. ఆ నమ్మకం ఒక్కసారి పోతే మళ్ళీ రాదు. దాన్ని కాపాడుకోవాలంటే లోపం మనమే ముందు చెప్పుకోవాలి.

చివరిగా మా బాకీ సంగతి. పాత రిజిస్టరు తీసి, ఆ మూడు సీజన్లలో ఎవరెవరి కాగితాలు మా దగ్గర ఉన్నాయో పేర్లు రాసుకున్నాం. షాపు అన్నయ్య మొదట ఒప్పుకోలేదు, తర్వాత తనే బండి తీశాడు. ఇప్పటికి నాలుగు ఊళ్ళు తిరిగాం. జరిగింది చెప్తున్నాం, సిమ్‌లు చెక్ చేస్తున్నాం, పాస్‌వర్డ్‌లు మార్పిస్తున్నాం. ఒక ఊళ్ళో గట్టిగా తిట్టారు. ఒక ఊళ్ళో ఒక మామ్మ అంతా విని, "ఇన్నాళ్ళకి చెప్పారా" అంది. అంతే అంది. ఆ మాట తిట్లకంటే ఎక్కువ తగిలింది. సిమ్ విషయంలో ఆ చెల్లి ఆ నంబరు తనది కాదని సంచార్ సాథిలోనే రిపోర్టు పెట్టింది. మిగతా ఊళ్ళు కూడా తిరుగుతాం.

మీ షాపులో, మీరు కూర్చునే టేబుల్ దగ్గర ఇవాళే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కసారి తెరిచి చూడండి. ఎన్ని ఆధార్‌లు ఉన్నాయో లెక్కపెట్టి, ఆ అంకె మాత్రం కామెంట్లో పెట్టండి. పేర్లు, షాపుల పేర్లు వద్దు. తీసేశాక కూడా పెట్టండి, మేం సంతోషిస్తాం.

జై జోహార్.